అక్క పంపిన పళ్ళపొడి

మా బంధువుల్లో ఎవరింటికి వెళ్ళినా కుళాయి గట్టు మీద ఒక పాత పచ్చడి సీసా కనిపిస్తుంది. అందులో ఉండేది పచ్చడి కాదు, బూడిదరంగు పళ్ళపొడి. బాపట్లలో ఉండే మా అక్క దాన్ని తన చేత్తో తయారుచేసి పంచుతుంది. మిల్లు నుంచి తెప్పించిన ఊకను కాల్చి, ఆ బూడిదను పాత పంచెలో జల్లించి, కల్లుప్పు వేయించి, పటిక పొంగించి, లవంగాలు దంచి అన్నీ కలుపుతుంది. రేపల్లెలో ఉన్న నాకు, భట్టిప్రోలులో ఉన్న మా తమ్ముడి ఇంటికి, ఈపురుపాలెంలో ఉన్న బావగారి వైపు వాళ్ళకు సీసాలు వెళ్తాయి. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు. సీసా అందుకున్నవాళ్ళు అక్క పళ్ళ వంక చూసి ఒక మెచ్చుకోలు మాట అంటే చాలు, ఆ పూటకు అక్కకు ఆకలి వేయదు.

మెచ్చుకోదగ్గ పళ్ళే అవి. అరవై దాటిన మనిషి చెరుకు ముక్క పంటితో చీల్చి నమిలేస్తుంటే కుర్రవాళ్ళు నోరు వెళ్ళబెట్టి చూసేవాళ్ళు. నవ్వితే పై వరస, కింది వరస కుదురుగా కనిపించేవి. "అంతా ఊక బూడిద మహిమ, దేవుడి దయ," అనేది. మా ఇళ్ళల్లో ఆ రెంటినీ ఎవరూ శంకించేవాళ్ళు కాదు. నేనైతే అసలే కాదు. అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. అమ్మ తెల్లారకముందే నాట్లకు వెళ్ళిపోతే, నాకు తల దువ్వి, పలక చేతికిచ్చి బడికి పంపింది అక్కే. తను ఐదో తరగతితో మానేసి నన్ను టీచర్ని చేసింది. అలాంటి మనిషి పగలును రాత్రి అంటే దీపం పెట్టడానికి లేచే రకం నేను.

పళ్ళ డాక్టర్ల మీద అక్కకు కొన్ని స్థిరమైన అభిప్రాయాలుండేవి. గార తీయిస్తే పళ్ళు కదిలిపోతాయి. పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుంది. ఒకసారి డాక్టరు ముందు నోరు తెరిస్తే మళ్ళీ మూయనివ్వడు. నేను స్కూల్లో పిల్లలకు ఆరోగ్యం పాఠం చెప్పేటప్పుడు కూడా, బ్రష్ గురించి పుస్తకంలో ఉన్నది చదివేసి, "మా ఇంట్లో మాత్రం పొడేనర్రా," అని గొప్పగా చెప్పేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

కొన్నేళ్ళుగా పొద్దున్నే ఉమ్మితే ఎర్రగా కనిపించేది. అక్కకు ఫోన్ చేశాను.

"చెడు రక్తమే అది, పోనియ్యి. రెండు రోజులు పొడి చిగుళ్ళకి పట్టించి ఉంచు, ఆగిపోద్ది," అంది.

పట్టించాను. నిజంగానే ఆగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పట్టించాను. లవంగం ఘాటుకు చిగుళ్ళు తిమ్మిరెక్కి హాయిగా ఉండేది. ఆ హాయిని ఆరోగ్యం అనుకున్నాను. పోయినేడు తొమ్మిదో తరగతికి పద్యం చదివి వినిపిస్తుండగా కింది ముందు పన్ను ఒకటి నాలుక తగిలి అటూ ఇటూ ఊగింది. పద్యం మధ్యలో ఆగిపోయాను. మర్చిపోయాననుకుని ముందు బెంచీ పిల్ల తర్వాతి పాదం అందించింది. నాకు మాత్రం నోట్లో ఇల్లు కదిలినట్టు ఉంది.

ముప్పై ఏళ్ళుగా నా ఉద్యోగమంతా నోటితోనే. పద్యం రాగంతో చదువుతాను, ఆదివారం మా చర్చిలో పాట ఎత్తుకుంటాను. అక్క వద్దంటుందని తెలిసి అక్కకు చెప్పకుండానే, మా స్కూలు లెక్కల టీచరమ్మ సలహా మీద రేపల్లె నుంచి రైలెక్కి తెనాలి వెళ్ళాను. మేడ మీద పళ్ళ ఆసుపత్రి. మెట్లెక్కేసరికి దవడ పోటు పెడుతోంది. పమిటకొంగు ముక్కు దాకా అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. నా ముఖంలో కళ్ళు, నుదురు తప్ప ఏమీ కనపడటం లేదు.

చీటీలు రాసే అమ్మాయి నన్ను చూసి నవ్వింది. "ఏంటమ్మా, మొన్ననే కదా క్లీనింగ్ చేయించుకెళ్ళారు? అప్పుడే మళ్ళీ వచ్చారేంటండి, ఏమన్నా నొప్పా?"

"నేను రావడం ఇదే మొదటిసారి," అన్నాను.

"అదేంటండి, బాపట్ల నుంచి ఆర్నెల్లకోసారి వస్తారుగా! వచ్చినప్పుడల్లా మాకు కజ్జికాయలు తెస్తారు."

కొంగు దించాను. ఆ అమ్మాయి నాలుక కరుచుకుంది. "అయ్యో, ఆ అమ్మగారు కాదా మీరు? అచ్చం అవే కళ్ళండి."

మా ఇంట్లో అందరూ అనే మాటే అది. మా ఇద్దరివీ అమ్మ కళ్ళు. కజ్జికాయల్లో గసగసాలు వేసి, వాటిని అరిటాకు ముక్కలో చుట్టి ఇచ్చే మనిషి బాపట్లలో నాకు తెలిసి ఒక్కతే. "అరిటాకులో చుట్టి తెస్తుందా?" అని అడిగాను. "అవునండి, మీకు తెలుసా!" అంది ఆ పిల్ల సంతోషంగా. తల ఊపి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. నోట్లో నొప్పి ఎటు పోయిందో తెలియలేదు.

డాక్టరమ్మ వయసు నలభై లోపే. చిన్న అద్దం పెట్టి చూసింది, ఫోటో తీసింది, తీరిగ్గా చెప్పింది. కింది ముందు పళ్ళు నాలుగింటికీ ఎముక కరిగిపోయిందట, అవి నిలబడవట. మిగతావాటిని కాపాడుకోవచ్చట. నేను పొడి సంగతి చెప్పాను, ఎవరు చేస్తారన్నది చెప్పలేదు.

"పొడి వల్లే పోయాయని అననండి," అంది. "బూడిద గరుకుది. రుద్ది రుద్ది పంటి పైపొర అరిగింది, అది వేరే సంగతి. అసలు జబ్బు గారది. గార రాయిలాగా చిగురు కిందకి దిగుద్ది. చిగురు వాచి రక్తం వస్తే అది మనకి కబురు పంపటమన్నమాట. మీ లవంగం నొప్పి తెలియనివ్వలేదు, పటిక రక్తం కనపడనివ్వలేదు. లోపల జబ్బు దాని పని అది చేసుకుపోయింది. అయిదారేళ్ళ ముందు వచ్చుంటే ఈ నాలుగూ నిలబెట్టేదాన్నమ్మా."

గార తీస్తే పళ్ళు కదిలిపోతాయంటారు కదా అని అడిగాను. ఆవిడ నవ్వలేదు, విసుక్కోనూ లేదు. ఆ ప్రశ్న రోజూ వింటుందనుకుంటాను. "కదిలే పళ్ళ మధ్య గార సిమెంటులా పట్టుకుని ఉంటదండి. తీశాక సందులు కనపడతాయి, నాలుగు రోజులు చల్లటి నీళ్ళు జివ్వుమంటాయి. మేం కదిల్చామనుకుంటారు. అవి ముందే కదిలాయి, మేం చూపించామంతే. పై పన్నుకీ కంటిచూపుకీ సంబంధం లేదు. రెండు పూటలా మెత్తటి బ్రష్‌తో, చిగురు దగ్గర నుంచి మెల్లగా తోముకోండి. రక్తం వచ్చిందని తోమడం మానొద్దు."

మెల్లగా అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. మొదట్లో అక్క సీసా ఇస్తూ "గట్టిగా రుద్దు, కిర్రుమనాలి," అనేది. ఈ మధ్య కొన్నేళ్ళుగా "మెల్లగా తోమవే, చిగురు దగ్గర జాగర్త, రాత్రిపూట కూడా తోముకో," అంటోంది. వయసు మీద పడి మెత్తబడిందనుకున్నాను. ఈ కుర్చీలో కూర్చుని విన్న మాటల్నే అక్క సీసాతో కలిపి మాకు పంచుతోందని అప్పుడు అర్థమైంది. మాటలు పంచింది, డాక్టరు దగ్గరికి దారి మాత్రం దాచుకుంది.

"బాపట్ల నుంచి ఒకావిడ మీ దగ్గరికి వస్తారటగా, ఎన్నేళ్ళ నుంచండీ?" అని అడిగాను.

"ఒకరి సంగతి ఒకరికి చెప్పకూడదమ్మా," అంది డాక్టరమ్మ. చీటీలు రాసే పిల్ల వంక చూసిన చూపులో కొంచెం కోపం కూడా ఉంది. ఆవిడ చెప్పకపోయినా నాకు తెలియాల్సింది తెలిసిపోయింది.

ఇంటికి వెళ్ళకుండా తెనాలి స్టేషన్లో బాపట్ల బండి ఎక్కాను. దారి పొడుగునా అక్క తరఫున నేనే వాదించాను. ఒకసారి వెళ్ళిందేమో, చెప్పడం మర్చిపోయిందేమో, నేను బాధపడతానని ఊరుకుందేమో. బాపట్ల వచ్చేసరికి అక్కను దాదాపు నిర్దోషిని చేసి పెట్టుకున్నాను.

గుమ్మంలోనే అడిగేశాను, "తెనాలిలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తావా అక్కా?" అని.

అక్క అబద్ధం చెప్పలేదు. చెప్పినా బాగుండేదేమో. మంచం మీద కూర్చుని, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, మెల్లగా చెప్పింది. ఏడెనిమిదేళ్ళ కిందట చిగురు వాచి ముఖం పొంగిందట. బావగారు బలవంతంగా తెనాలి తీసుకెళ్ళాడట. డాక్టరమ్మ పొడి మానెయ్యమందట. ఆ రోజుతో మానేసిందట. అప్పటి నుంచి ఆర్నెల్లకోసారి వెళ్ళి శుభ్రం చేయించుకుంటోంది.

"నువ్వు మానేశావు. మరి నాకెందుకు పంపావు?"

"అడుగుతారుగా అందరూ. పొడి ఏదీ, పొడి ఏదీ అని. ఇన్నేళ్ళు చెప్పి చెప్పి, నేనే వాడటం లేదంటే నవ్వరటే?"

"అందరి సంగతి వదిలెయ్. నాకు చెప్పొచ్చుగా."

"నీకు చెప్తే అందరికీ చెప్పినట్టేగా," అంది.

అంతే. అంత తేలిగ్గా అంది. నా పళ్ళకూ తన పేరుకూ మధ్య ఒకటి ఎంచుకోవలసి వస్తే, అక్క నన్ను ఒక్క క్షణం కూడా తూకంలో వేయలేదు. నాకు ఏడుపు రాలేదు, మండిపోయింది. నాలుగు పళ్ళు పీకించుకోబోతున్నానని చెప్పాను. అక్క నా గడ్డం పట్టుకుని, "అయ్యో నా తల్లీ," అంటూ నిజంగానే ఏడ్చింది. నన్ను మోసం చేసిన మనిషే నన్ను ఓదారుస్తుంటే ఆ చెయ్యి తోసెయ్యాలో పట్టుకోవాలో తెలియక అలాగే కూర్చున్నాను.

మా తమ్ముడి కూతురి సంగతి అప్పుడు ఎత్తాను. భట్టిప్రోలులో ఉంటుంది, డిగ్రీ చదువుతోంది. పెద్దత్త పొడి తప్ప మరొకటి ముట్టదు. తోముకున్నప్పుడల్లా రక్తం వస్తోందని ఆ మధ్య నాతోనే చెప్పింది. "నావి పోతే పోయాయి. దానికి ఇంకా ఇరవై నిండలేదు. అందరికీ చెప్పక్కా, నీ నోటితోనే చెప్పు. నీ మాటయితేనే వింటారు," అన్నాను.

అక్క కళ్ళు తుడుచుకుని, "మీ బావ ఆపరేషన్ నుంచి లేచాడని వచ్చే నెల్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకుంటన్నాం. అందరూ వస్తారు. సాక్ష్యంలో చెప్తాలే," అంది.

నమ్మాను. మా ఇళ్ళల్లో ప్రార్థన కూడికంటే తెలిసినవాళ్ళకు నేనెందుకు నమ్మానో చెప్పక్కర్లేదు. పాటలు, వాక్యం అయ్యాక ఒక్కొక్కరూ లేచి దేవుడు తమకు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకుంటారు. అదే సాక్ష్యం. కూర విషయంలో, కోడలి విషయంలో అబద్ధమాడేవాళ్ళు కూడా సాక్ష్యంలో ఆడరు. అక్క అయితే తల మీద ముసుగు వేసుకోనిదే సాక్ష్యమన్న మాట కూడా ఎత్తదు.

ఈలోగా నా నాలుగు పళ్ళూ తీసేశారు. నొప్పి అనుకున్నంత లేదు. దూది గట్టిగా కరిచిపట్టుకోమన్నారు, ఆ రోజు ఉమ్మొద్దన్నారు, పుక్కిలించొద్దన్నారు. మిగతా పళ్ళకు గార తీశారు. అద్దంలో చూసుకుంటే పళ్ళ మధ్య సందులు కిటికీల్లా ఉన్నాయి. డాక్టరమ్మ ముందే చెప్పకపోతే అక్క మాటే నిజమని అరిచేదాన్ని. పుండు మానాక పెట్టుకుని తీసుకునే పళ్ళ సెట్టు ఇచ్చారు. రాత్రి తీసి నీళ్ళలో వేయాలి, పొద్దున కడిగి పెట్టుకోవాలి. అది పెట్టుకుని మొదటిసారి పద్యం చదివితే మాటలు ఈలలాగా వచ్చాయి. పిల్లలు నవ్వు ఆపుకోలేక పుస్తకాలు అడ్డం పెట్టుకున్నారు. మా ఆయన ముందు కూడా ఆ సెట్టు తీయడానికి నాకు మనసొప్పేది కాదు, దీపం ఆర్పాకే తీసేదాన్ని.

మేనకోడలికి నేనూ చెప్పి చూశాను. "డాక్టరు దగ్గరికి వెళ్ళావు, నీ పళ్ళు పోయాయి. పెద్దత్త వెళ్ళలేదు, తనవి ఉన్నాయి. ఎవరి మాట వినమంటావత్తా?" అంది. ఆ పిల్ల తప్పేం లేదు, దానికి కనపడేది అదే. అక్క సంగతి నేనే చెప్పెయ్యొచ్చు. చెప్తానన్న మనిషిని చెప్పనివ్వాలని ఆగాను.

కూడిక రోజు బాపట్లలో అక్క ఇంటి ముందు షామియానా వేశారు. చాపల మీద ఆడవాళ్ళం, కుర్చీల్లో మగవాళ్ళు. వెనక వీధిలో బిర్యానీ దమ్ము మీద ఉంది. నన్ను పాట ఎత్తమన్నారు, గొంతు బాగాలేదని తప్పుకున్నాను. పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పి, "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఉంటే రండమ్మా," అన్నారు. మేనకోడలు నా పక్కనే కూర్చుంది.

అక్క లేచింది. ముసుగు సర్దుకుంది. బావగారి ఆపరేషన్ గురించి చెప్పింది, తన మోకాళ్ళ గురించి చెప్పింది. ప్రతి మాటకూ అందరూ స్తోత్రం అంటున్నారు. నేను చాప అంచు పట్టుకుని ఎదురుచూస్తున్నాను.

"ఇంకొక మేలు కూడా చెప్పుకోవాలి," అంది అక్క. "ఈ వయసులో కూడా ఒక్క పన్ను కదలకుండా దేవుడు నన్ను కాపాడాడు. మందు లేదు, మాకు లేదు. ఆయన పుట్టించిన ఊక, ఆయన పుట్టించిన ఉప్పు."

"స్తోత్రం," అన్నారందరూ. అలవాటు కొద్దీ నా నోటి నుంచి కూడా ఆ మాట వచ్చేసింది.

అక్క అక్కడితో ఆగలేదు. నా వైపు తిరిగింది. "నా చెల్లెలు నా మాట వినకుండా డాక్టర్ల దగ్గరికెళ్ళి పళ్ళు పోగొట్టుకుంది. పాట పాడే పిల్ల, ఇయ్యాల పాడలేకపోయింది. దాని కోసం అందరూ ప్రార్థన చెయ్యండి."

అయ్యగారు నన్ను ముందుకు పిలిచారు. పెద్దవాళ్ళు పిలిస్తే వెళ్ళాలి కాబట్టి వెళ్ళాను. మోకరించాను. తల మీద చేతులు వేశారు, వాటిలో అక్క చెయ్యి కూడా ఉంది. నా పోయిన పళ్ళ కోసం, నా అవిశ్వాసం కోసం, అందరూ కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థించారు. నేను కళ్ళు తెరిచి చూశాను. అక్క కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. చెప్పొద్దని నన్ను బతిమాలుతున్నాయి.

ఆమేన్ అన్నాక నేను లేచి నిలబడ్డాను. "అక్క ఆర్నెల్లకోసారి తెనాలి వెళ్ళి పళ్ళు శుభ్రం చేయించుకుంటుంది. ఏడెనిమిదేళ్ళ నుంచి ఈ పొడి ముట్టుకోలేదు. ఆ సంగతి నాకు అక్కే చెప్పింది," అన్నాను. ఈల లేకుండా, ప్రతి అక్షరం కూడబలుక్కుని అన్నాను.

బావగారు తల వంచుకుని చెప్పుల వంక చూస్తున్నాడు. మేనకోడలే అడిగింది, "నిజమా పెద్దత్తా?"

అక్క నవ్వింది. ఆ కుదురైన రెండు వరసలూ కనపడేలా నవ్వి, ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "పళ్ళు పోయిన బాధలో ఏదో అంటందమ్మా. మనమే ఓర్చుకోవాలి," అంది. అయ్యగారు గబగబా ఒక పాట ఎత్తారు. అందరూ అందుకున్నారు.

భోజనాలయ్యాక సీసాలు పంచారు. మేనకోడలు నా వంక ఒకసారి చూసింది. పెద్దత్త పళ్ళ వంక ఒకసారి చూసింది. సీసా తీసుకుని సంచిలో పెట్టుకుంది.

నేను బయల్దేరుతుంటే అక్క వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరకు వేసింది. అప్పటిదాకా ఉన్న నవ్వు లేదు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. నటన కాదది, అక్క సంగతి నాకు తెలుసు.

"ఎవరికీ చెప్పంది నీకొక్కదానికే చెప్పానే. నా చెల్లెలు గదా అని నమ్మాను. అయినవాళ్ళందరి ముందూ నువ్వే నా పరువు తీస్తావా? నువ్వు ఇంత పని చేస్తావని కలలో కూడా అనుకోలేదు," అంది.

తెనాలి నుంచి వచ్చిన రోజు నుంచీ అక్కను అడగాలని నేను నోట్లో దాచుకున్న మాటలు అవే. నమ్మాను అనే మాట, నువ్వే చేస్తావా అనే మాట, అన్నీ అక్కే అనేసింది. నాకు అనడానికి ఒక్కటి కూడా మిగల్లేదు.